చిటికెనవేలి సంతకం

సరిగ్గా ప్రశ్న అడగబోతుండగా వంటింట్లో మిక్సీ మోగింది.

రాగిణి గబుక్కున మ్యూట్ నొక్కింది. లాప్‌టాప్ తెర మీద తొమ్మిదో తరగతి పిల్లలు ఇరవై ఇద్దరూ ఆమె నోటికేసే చూస్తున్నారు. వాళ్ళది జార్జియా దేశంలో కుటాయిసి అనే ఊరు. అక్కడ మధ్యాహ్నం మూడున్నర, రెండో షిఫ్టు బడి నడుస్తోంది. ఇక్కడ అమెరికాలో, చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో పొద్దున అయిదున్నర, కిటికీ అవతల మంచు ఇంకా నీలంగానే ఉంది. ఇంట్లో తలుపున్న గదుల్లో ఒకటి భర్త ఉమాకాంత్ ఆఫీసు, ఒకటి వాళ్ళ పడకగది, ఒకటి అత్తగారిది, ఒకటి కూతురు హంసికది. ఇక మిగిలింది లాండ్రీ రూము. డ్రయర్ మీద లాప్‌టాప్, వాషర్ మీద నోట్సు, ఎదురుగా స్టూలు మీద రాగిణి. వెనక అరలోని సబ్బు సీసాలు కనపడకుండా తెరలో తన వెనక భాగాన్ని మసక చేసి పెడుతుంది. ఆ రంగురంగుల మసకని చూసి, "మీ ఇంట్లో ఎన్ని పుస్తకాలో!" అని ఆ క్లాసు టీచరు నానా ఒకసారి మెచ్చుకుంది. కాదని రాగిణి చెప్పలేదు.

మిక్సీ ఆగింది. అన్‌మ్యూట్ చేసి "సారీ" అనేలోపు మళ్ళీ మోగింది. ముందు బెంచీలో జడ వేసుకున్న పిల్ల జార్జియన్‌లో ఏదో అంది. క్లాసంతా గొల్లుమంది.

"మీ ఇంటి కింద రైలు సొరంగం తవ్వుతున్నారా అని అడుగుతోంది మా ఏకా" అంది నానా ఇంగ్లీషులో.

ఈలోగా తలుపు తెరుచుకుంది. బాలమణి తల లోపలికి పెట్టింది. దసరాకి తెనాలి నించి వచ్చి, వేసవి దాకా ఉండబోతున్న అత్తగారు. "అమ్మాయ్, పుట్నాలపప్పు ఎక్కడ పెట్టావ్? వాడికి ఏడింటికి మీటింగట, టిఫిన్ తినకుండా కూచుంటాడు."

"కింది అరలో, నీలం డబ్బా అత్తయ్యా. ఇంకో పావుగంట మిక్సీ వెయ్యకండి."

"నేనేం అడ్డమొచ్చాను? నువ్వు మీ నాన్నతో మాట్లాడుకో తల్లీ."

ఆ నాన్న వెటకారం మూడు నెలలుగా నడుస్తోంది. వచ్చిన కొత్తలో బాలమణి నిజంగానే బెదిరింది. పొద్దున్నే కోడలు చీకటి గదిలో "నానా, నానా" అంటుంటే, ఉమాకాంత్‌ని లేపి, "ఒరేయ్, వాళ్ళ నాన్న పోయి ఎనిమిదేళ్ళయింది కదరా, ఎవరితో మాట్లాడుతోంది?" అంది. అది అవతల టీచరమ్మ పేరని చెప్పాక, వాళ్ళ భాషలో తండ్రిని మామ అంటారని కూడా తెలిశాక, "మామ అంటే నాన్న, నాన్నేమో పంతులమ్మ! అదేం దేశమే!" అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వులో రాగిణి కూడా కలిసింది. ఆ నవ్వు నిజంగా బాగుంటుంది.

జార్జియా అనగానే షామ్‌బర్గ్ తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది అమెరికాలోనే ఉన్న జార్జియా రాష్ట్రం, దాని రాజధాని అట్లాంటా. "మా మరిది ఆల్ఫరెట్టాలోనే ఉంటాడు, ఈసారి వెళ్తే కలవండి" అంటారు పాట్‌లక్ విందుల్లో. దేశం అని చెప్తే, "ఓ, ఎంబీబీఎస్ జార్జియానా! మా పెద్దమ్మ మనవడు అక్కడే చదువుతున్నాడు" అంటారు. పిల్లలకి చరిత్ర, సిటిజన్‌షిప్ పాఠాలు అంటే ఇక ఆ గందరగోళానికి అంతులేదు. ఇక్కడ సిటిజన్‌షిప్ అంటే ఒకటే అర్థం, అమెరికా పాస్‌పోర్టు. గుడిలో బాలమణి పదిమందికి చెప్పింది, "మా కోడలు అట్లాంటా వాళ్ళకి సిటిజన్‌షిప్ ఇప్పిస్తుంది." ఆ వారమే గుడిలో పరిచయమున్న విజయశ్రీ ఫోన్ చేసింది. "రాగిణీ, మా అమ్మకి ఇంగ్లీష్ రాదు కదా, టెస్ట్ తెలుగులో పెట్టిస్తారా? నువ్వే ఆ క్లాసులు చెప్తావటగా?"

ఎన్నిసార్లని విడమరుస్తుంది? చికాగోలో ఒక యూనివర్సిటీ వాళ్ళ ప్రాజెక్టు అది. సోవియట్ రోజుల్లో పై నించి వచ్చిన పాఠాన్ని అప్పజెప్పడమే చదువు అనుకున్న బళ్ళలో, ఇప్పుడు పిల్లల చేత ప్రశ్నలు అడిగించాలనుకునే టీచర్లకి తోడు నిలబడటం రాగిణి పని. వాళ్ళ క్లాసులు చూస్తుంది, ఏ ప్రశ్నకి పిల్లలు నిద్రపోయారో ఏ ప్రశ్నకి లేచి కూర్చున్నారో రాసి పంపుతుంది, టీచర్ల కోసం ఒక పుస్తకం తయారుచేస్తోంది. కాంట్రాక్టులో వారానికి ఇరవై గంటలని ఉంటుంది, అయ్యేది ముప్ఫై. మూడేళ్ళయింది. ఉమాకాంత్ దాన్ని "నీ రష్యావాళ్ళ పని" అంటాడు. "రష్యా కాదండీ" అంటే, "అదేలే, విడిపోయినవాళ్ళు" అంటాడు. పెళ్ళికి ముందు ఇల్లెందు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరేళ్ళు సోషల్ చెప్పింది రాగిణి. పెళ్ళిచూపుల్లో బాలమణి, "సోషలా? పోన్లే, లెక్కలైతే ట్యూషన్లకైనా పనికొచ్చేది" అంది. ఆ తర్వాత అమెరికా, పని చెయ్యడానికి వీల్లేని వీసా మీద తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో ఆమె ఎవరికీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నది తప్ప. అందుకే ఆ మొదటి రోజు తెర మీద కుటాయిసి పిల్లలు చేతులెత్తి "మాస్! మాస్!" అని అరుస్తుంటే ఉలిక్కిపడింది. టీచర్ని వాళ్ళు అలా పిలుస్తారట. ఆమె చెవికి అది మాస్టారూ అన్నట్టే వినిపించింది. ఇల్లెందులో ఆడ టీచర్‌నైనా మగ టీచర్‌నైనా పిల్లలు సార్ అనీ మాస్టారూ అనీ కేకలు పెట్టేవాళ్ళు. పదిహేనేళ్ళ తర్వాత, బట్టలు తిరుగుతున్న డ్రయర్ మీద నించి, ఆ కేక మళ్ళీ వచ్చింది.

*

సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఇద్దరికీ ఒకే రోజు పడింది, ఆ పై గురువారం. ఉమాకాంత్‌కి పదింపావు, రాగిణికి పదిముప్పావు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హంసిక ప్రాక్టీస్ పెట్టింది. పదహారేళ్ళ పిల్ల, గవర్నమెంట్ అనే సబ్జెక్టులో క్లాస్ ఫస్ట్. వాళ్ళ నాన్న టై మెడకి చుట్టుకుని డైనింగ్ టేబుల్ ఆ చివర కూచుంది. ముందు ఉమాకాంత్‌ని అడిగింది, అతను గడగడా చెప్పేశాడు. తర్వాత రాగిణి వంతు. ఎంగిలి కంచాలు సింక్‌లో పెట్టి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మమ్మీ, రైట్ హ్యాండ్ పైకి పెట్టు. నువ్వు ట్రూత్ చెప్తావా?"

"చెప్తాను."

"నానమ్మా, నవ్వకూడదు, నేను ఆఫీసర్." హంసిక ఫైల్లోంచి రాగిణి అప్లికేషన్ ప్రింట్ తీసి చూస్తూ అడిగింది. పేరు, అడ్రస్, ఎప్పుడొచ్చావు, ఎన్నిసార్లు ఇండియా వెళ్ళావు. "వాట్ ఈజ్ యువర్ కరెంట్ ఆక్యుపేషన్?"

"ఎడ్యుకేషన్ కన్సల్టెంట్. యూనివర్సిటీ ప్రాజెక్ట్‌లో..."

హంసిక కాగితం దగ్గరికి తీసుకుని చూసింది. "మమ్మీ, రాంగ్. ఇక్కడ హోంమేకర్ అని ఉంది."

"ఎక్కడ?"

"ఇక్కడ. లాస్ట్ ఫైవ్ ఇయర్స్. హోంమేకర్."

సోఫాలో ఫోన్ చూసుకుంటున్న ఉమాకాంత్ తల ఎత్తకుండానే అన్నాడు. "అవును, హోంమేకర్ అనే చెప్పు. ఫారంలో అదే ఉంది. తేడా రాకూడదు."

"అలా ఎందుకు రాశారు?"

"సింపుల్‌గా ఉంటుందని." ఇప్పుడు తలెత్తాడు. "చూడు రాగిణీ, రోజులు ఎలా ఉన్నాయో తెలుసుగా. మా టీమ్‌లో ఒకడికి ఇంటర్వ్యూలో గంటన్నర పీకారు. ఫారిన్ ప్రాజెక్టు, సోవియట్ దేశం, పైగా పాఠాలు పాలిటిక్స్ మీద. ఆఫీసర్ ఒక ప్రశ్న వేస్తే అది పది ప్రశ్నలవుతుంది. సోవియట్ అన్న మాట ఉన్నచోట మన పేరెందుకు? నీది ఫుల్‌టైమ్ కూడా కాదు."

"టాక్స్ కాగితాల్లో ఉందిగా."

"అది మనిద్దరి జాయింట్ రిటర్న్‌లో కలిసిపోతుంది. ఎవడు చూస్తాడు?"

"నన్ను అడగలేదే."

"అడగడమేంటి? సంతకం చేసింది నువ్వే."

అది నిజం. రాగిణికి గుర్తొచ్చింది. శ్రావణ శుక్రవారం, ఇంట్లో పదిహేనుమందికి తాంబూలాలు. పూర్ణాలు నూనెలో వేస్తోంది, రెండు చేతులూ మణికట్ల దాకా తోపుపిండి. ఉమాకాంత్ లాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "తొందరగా, సెషన్ టైమ్ అవుట్ అయిపోతోంది. సంతకం గడిలో నీ పేరు కూడా టైప్ చేసేశాను, సబ్‌మిట్ ఒక్కటీ నువ్వే నొక్కాలి, రూల్ ప్రకారం నీ వేలే ఉండాలి." ఏంటది అంటే, "నీ సిటిజన్‌షిప్పే, అన్నీ నింపేశాను" అన్నాడు. చేతికి పిండి లేని వేలు ఒక్కటే మిగిలింది, చిటికెనవేలు. దాంతో నొక్కింది. నూనెలో పూర్ణం మాడకుండా తీయగలిగినందుకు ఆ క్షణంలో సంతోషించింది కూడా.

"ఇంట్లో ఉండే ఆడది హోంమేకర్ కాక ఇంకేంటే?" అంది బాలమణి వక్క నములుతూ. "అదేమన్నా తిట్టా?"

తిట్టు కాదు. రాగిణి సింక్ దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది. ఈ ఇంట్లో పొద్దున్న అయిదింటి నించీ ఆమె చేసే చాకిరీకి నిజంగా ఆ పేరు పెట్టి, అది పనే అని ఒప్పుకుని రాసి ఉంటే ఆమె కాదనేది కాదు. కానీ ఈ ఇంట్లో ఆ మాటకి అర్థం వేరు. "తను ఖాళీయే, ఇంట్లోనే ఉంటుంది, మీ పిల్లాణ్ణి దింపేసి వెళ్ళు" అని ఉమాకాంత్ ఫ్రెండ్స్‌కి చెప్పేటప్పుడు ఉండే అర్థం అది. "నువ్వు ఇంట్లోనేగా, ప్లంబర్ వస్తాడు చూసుకో" అన్నప్పటి అర్థం. ప్లంబర్ వచ్చినప్పుడు ఆమె ఆరుగురు టీచర్లతో మీటింగులో ఉంది, కెమెరా ఆపి, చెవిలో వాళ్ళ మాటలు వింటూ, అతనికి బేస్‌మెంట్ చూపించింది. ఫారంలో హోంమేకర్ అంటే ఖాళీ అని. ఖాళీగా ఉన్న మనిషిని ఎవరూ ప్రశ్నలడగరు, అదే కదా అతని ఉపాయం. చెడ్డవాడు కాదు ఉమాకాంత్. భయస్తుడు. తన భయం తీరడానికి ఎదుటి మనిషిలో ఏ ముక్క తీసేస్తే సరిపోతుందో లెక్క వేసుకుని, ఆ ముక్క తీసేశాడు, అంతే. తీసేటప్పుడు తనకి ఏమీ తెగలేదు కాబట్టి, ఎవరికీ తెగలేదనుకున్నాడు.

"ఒక్క పదం" అన్నాడతను వెనక నించి, కొంచెం మెత్తగా. "ఆ రోజు అవునను, అయిపోతుంది. తర్వాత ఊరంతా చెప్పుకో, ఎవడొద్దన్నాడు? ప్రమాణం చేశాక ఫారం తప్పు అంటే మాత్రం నీ కేసు ఒక్కటీ పక్కన పడేస్తారు. అప్పుడు నన్ను అనకు."

హంసిక టై తీసి మడత పెడుతోంది. కాగితం మీద ఆ పదాన్ని, గిన్నెలు తోముతున్న తల్లి వీపునీ మార్చి మార్చి చూసింది.

*

మంగళవారం పొద్దున నానాతో కాల్. గురువారం క్లాసుకి పాఠం తయారుచెయ్యాలి. నానాకి యాభై నాలుగేళ్ళు, పొట్టి జుట్టు, చలికి స్వెట్టర్ మీద స్వెట్టర్. స్టాఫ్ రూములో చిన్న హీటర్ దగ్గర కూచుని మాట్లాడుతుంది.

"పాఠానికి నా దగ్గర ఒక కథ ఉంది" అంది నానా. "మా ఊరు టీ తోటల వైపు. నా చిన్నప్పుడు నాలుగో తరగతి పుస్తకంలో మా పక్కింటావిడ ఫోటో ఉండేది. ఆవిడ పేరు 'మరో', టీ ఆకు కోసేది. ఫోటో కింద రోజుకి ఇన్ని కిలోలు కోసిన వీరవనిత అని ఒక అంకె. మేం బట్టీ పట్టేవాళ్ళం. మరో పిన్నికి ఆ అంకె అప్పజెప్తే పడీ పడీ నవ్వేది. ఫోటో తీసే రోజున ఇంకో ఇద్దరి బుట్టలు తన బుట్టలో పోశారట. తనకి పతకం ఇచ్చారు, ఆ ఇద్దరికీ ఏమీ లేదు. తర్వాత దేశం విడిపోయింది. తొంభై రెండులో నేను టీచర్‌నయ్యాను. కొత్త పుస్తకాలు లేవు. పాత పుస్తకంలోనే చెప్పకూడని పేజీల మీద మైదా బంకతో తెల్లకాగితాలు అంటించమన్నారు. పిల్లలు ఏం చేసేవాళ్ళో తెలుసా? కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకుని చదివేవాళ్ళు."

రాగిణి నవ్వింది.

"ఆ తర్వాత కొత్త పుస్తకం వచ్చింది. రాజులు, యుద్ధాలు, జెండాలు. అందులో మా మరో పిన్ని లేదు. పాత పుస్తకం ఆమె గురించి అబద్ధం రాసింది, కొత్త పుస్తకం అసలు రాయలేదు. రెండుసార్లూ ఆమెని అడిగినవాళ్ళు లేరు. ఆవిడ మా ఇంటి గోడ అవతలే ఉండేది, పిలిస్తే పలికేది. నేనూ అడగలేదు, రాగిణీ. చరిత్ర టీచర్ని!"

రాగిణికి తన ఆరో తరగతి సోషల్ పుస్తకం గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న తెచ్చే సోవియట్ పత్రికల నున్నటి కాగితాలతో ఇల్లెందులో పిల్లలందరి పుస్తకాలకీ అట్టలు వేసేవాళ్ళు. ఆమె సోషల్ పుస్తకం అట్ట మీద తెల్లటి తలగుడ్డ కట్టుకుని, బుట్ట వీపున వేసుకుని, ఆకుపచ్చటి తోటలో నవ్వుతూ ఒకావిడ. ఏడాదంతా ఆమెని చూస్తూ చదివింది. ఒకరోజు ఎర్ర పెన్నుతో నుదుట బొట్టు పెట్టింది.

అది చెప్తే నానా హీటర్ మీద చేతులు చాపి పగలబడి నవ్వింది. "అయితే ఒక ఏడాది ఆమె మీ ఊరి మనిషన్నమాట! పేరు అడిగావా మరి?"

"లేదు. నేనూ అడగలేదు."

పాఠం అక్కణ్ణించే తయారైంది. పిల్లలు ఇంట్లోంచి ఏదో ఒక కాగితం తేవాలి, బిల్లో, సర్టిఫికెట్టో, ఏదైనా. మూడు ప్రశ్నలు వెయ్యాలి. దీన్ని ఎవరు రాశారు? ఎవరి గురించి రాశారు? ఆ మనిషిని అడిగారా?

"నువ్వూ ఒకటి తీసుకురా" అంది నానా. "మనం చెయ్యని హోంవర్క్ పిల్లలకి ఇస్తే పట్టేస్తారు."

*

గురువారం అయిదున్నరకి రాగిణి డ్రయర్ ముందు కూచుంది. పట్టుచీర కట్టుకోమని అత్తగారు, ఫార్మల్ ప్యాంటు వేసుకోమని భర్త రాత్రే చెప్పి ఉన్నారు. ఆ రెండూ ఇస్త్రీ చేసి తలుపుకి వేలాడుతున్నాయి. నోట్సు కింద ఫారం ప్రింట్ ఉంది. తీసుకొచ్చింది కానీ చూపిస్తానని తనకే నమ్మకం లేదు. హంసిక రిపోర్ట్ కార్డ్ కూడా తెచ్చి పెట్టుకుంది, అది చాలులే అని.

పిల్లలు ఒక్కొక్కళ్ళే చెప్తున్నారు, నానా ఇంగ్లీషులోకి మారుస్తోంది. కరెంటు బిల్లు తాతగారి పేరున ఉందట, తాత పోయి పదేళ్ళయింది. ఫుట్‌బాల్ సర్టిఫికెట్‌లో ఒకడి పేరు తప్పు పడింది. నవ్వులు. అప్పుడు ముందు బెంచీలోంచి ఏకా లేచింది. ఆవేళ సొరంగం జోకులేం వెయ్యలేదు. చేతిలో జిరాక్స్ కాగితం.

"ఇది మా అమ్మ పాస్‌పోర్టులో పేజీ" అంది. "మా అమ్మ ఇటలీలో ఉంటుంది, ఒక ముసలావిడకి స్నానం చేయిస్తుంది, అన్నం పెడుతుంది. అయిదేళ్ళయింది. కాగితం మీద టూరిస్టు అని ఉంది. మా క్లినిక్‌లో నా కార్డు మీద తల్లి వృత్తి అన్నచోట పని లేదు అని ఉంది. ఎవరు రాశారు? ఒకటి పోలీసులు, ఒకటి నర్సు. ఎవరి గురించి? మా అమ్మ గురించి. ఆమెని అడిగారా?" ఏకా కాగితం బెంచీ మీద పెట్టింది. "నర్సు మా నాన్నని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. నేనూ ఏం చెప్పలేదు."

నానా చివరి మాట కూడా తర్జుమా చేసింది. తర్వాత తెరకేసి తిరిగి, "మాస్ రాగిణీ, మీ కాగితం?" అంది.

రిపోర్ట్ కార్డ్ మీద రాగిణి చెయ్యి ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, కిందున్న ఫారం తీసింది.

"ఇది నా కాగితం" అంది. "ఇవాళ ఇంకో నాలుగైదు గంటల్లో దీని మీద ప్రమాణం చెయ్యాలి. దీంట్లో నా పని హోంమేకర్ అని ఉంది. మీతో మూడేళ్ళ నించి చేస్తున్న పని లేదు. ఎవరు రాశారు? నా భర్త. ఎవరి గురించి? నా గురించి. ఆ మనిషిని అడిగారా? లేదు." అక్కడితో ఆపెయ్యొచ్చు. పిల్లలు జాలిగా చూస్తున్నారు కూడా. "కానీ సంతకం నాదే. చదవకుండా చేశాను."

నానా ఆమెని ఒక్క క్షణం చూసి, పిల్లలకి చెప్పింది. ఆ చివరి వాక్యం చెప్పినప్పుడు వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. చదవకుండా సంతకం పెట్టొద్దని మనకి పాఠం చెప్పే మనిషేనా ఈమె అని కాబోలు. ఏకా చెయ్యెత్తింది.

"మాస్! ఇంకా దిద్దడానికి టైముందా?"

వంటింట్లో మిక్సీ మోగింది. ఈసారి రాగిణి మ్యూట్ నొక్కలేదు. అది ఆగేదాకా ఆగి, "ఉంది" అంది.

*

ప్యాంటే వేసుకుంది. బాలమణి గడప దగ్గర అరచేతిలో పెరుగు చక్కెర పెట్టి, "అడిగినవాటికి అవునవునని చెప్పేసి రండి" అంది. కార్లో ఉమాకాంత్ హీటర్ పెంచాడు, తగ్గించాడు. హైవే మీద మంచు ఎగదోసే బండి వెనక ఇరుక్కుపోయి అరగంట గడిచింది.

"ఒక్కటే చెప్తున్నా" అన్నాడు బండిని చూస్తూ. "ఆవిడో ఆయనో ఏదడిగినా, ఫారంలో ఉన్నదే."

రాగిణి కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచింది.

"నీకేదో అయింది ఆదివారం నించి. మాట్లాడవేం? అంత పెద్ద తప్పు చేశానా నేను? ఫీజు కట్టింది నేను, ఫోటోలు అప్‌లోడ్ చేసింది నేను, నీ పని నీకు తెలియకుండా జరిగిపోతే బాగుండదా?"

"బాగుండదు" అంది రాగిణి. అతను రేడియో పెట్టుకున్నాడు.

వెయిటింగ్ హాల్లో ముందు అతన్ని పిలిచారు. ఇరవై నిమిషాల్లో కాగితం ఊపుకుంటూ వచ్చేశాడు. మొహం వెలిగిపోతోంది. "అయిపోయింది! ఆఫీసర్ ఫ్రెండ్లీ. నీకూ అంతే, అయిదు నిమిషాల పని." ఆమె కోటు తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. చెవి దగ్గరికి వంగి, "ప్లీజ్" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో అతను ఆ మాట అనడం ఎన్నోసారో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అన్న ప్రతిసారీ రాగిణి ఆ పని చేసి పెట్టింది మరి.

ఆఫీసర్ నడివయసు ఆవిడ, కళ్ళద్దాలు మెడలో గొలుసుకి వేలాడుతున్నాయి. కుడిచెయ్యి ఎత్తమంది. నిజమే చెప్తారా అంది. చెప్తానంది రాగిణి. ప్రశ్నలు అడిగింది, అన్నీ చెప్పింది. ఒక వాక్యం చదవమంది, ఒకటి రాయమంది. తర్వాత తెర చూస్తూ గబగబా ఫారం చదువుకుంటూ పోయింది. పేరు కరెక్టా, కరెక్ట్. అడ్రస్ కరెక్టా, కరెక్ట్. ఆ లయలో పడి కొట్టుకుపోవడం ఎంత సుఖమో! ఇంకో అవును అంటే చాలు. అవతల కోటు ఒళ్ళో పెట్టుకుని ఒక మనిషి కూచున్నాడు.

"ఆక్యుపేషన్, హోంమేకర్. గత అయిదేళ్ళుగా. కరెక్టేనా?"

"కాదు" అంది రాగిణి.

ఆవిడ వేళ్ళు ఆగాయి.

"సగమే కరెక్టు. ఇల్లు నేనే నడుపుతాను, అది నిజం. దాంతోపాటు మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను. అది రాయలేదు."

"ఈ ఫారం ఎవరు నింపారు?"

"నా భర్త. చదవకుండా ఒప్పుకున్నది నేను."

"ఏం ఉద్యోగం?"

"జార్జియాలో హైస్కూలు టీచర్లతో పని చేస్తాను."

"అట్లాంటాలోనా?"

నవ్వు వచ్చింది రాగిణికి, అంత భయంలోనూ. "కాదు, దేశం. ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో ఉండేది." అనకూడదన్న మాట అంత తేలిగ్గా బయటికొస్తుందని ఆమె అనుకోలేదు.

"ఏం సబ్జెక్టు?"

"చరిత్ర, పౌరసత్వం."

ఆవిడ అద్దాలు పెట్టుకుని రాగిణి మొహాన్ని మొదటిసారి చూసింది. తర్వాత టైప్ చెయ్యడం మొదలుపెట్టింది. యూనివర్సిటీ పేరు, ఎప్పటినించి, వారానికి ఎన్ని గంటలు. ఇరవై అని నోటిదాకా వచ్చింది. "కాంట్రాక్టులో ఇరవై, చేసేది ముప్ఫై" అంది. ఆవిడ రెండూ టైప్ చేసింది.

"మీ కేసులో ఇవాళ నిర్ణయం చెప్పలేకపోవచ్చు. ఇంకా కాగితాలు అడుగుతాం. మళ్ళీ రావలసి ఉంటుంది."

"వస్తాను."

మూలనున్న ప్రింటర్‌లోంచి దిద్దిన పేజీలు వచ్చాయి, వెచ్చగా. ఆవిడ వాటిని బల్ల మీదుగా జరిపి, పెన్ను పక్కన పెట్టింది. "అన్నీ సరిగ్గా ఉంటే కింద సంతకం చెయ్యండి."

"చదవొచ్చా?"

"మీ ఇష్టం. కొన్ని పేజీలున్నాయి."

అద్దం తలుపు అవతల ఉమాకాంత్ లేచి నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. అయిదు నిమిషాల పని అన్నాడు, ఎప్పుడో దాటిపోయింది. రాగిణి కుర్చీ దగ్గరికి లాక్కుంది. మొదటి పేజీ మొదటి గడిలో తన పేరు ఉంది. అక్కడ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.